సముద్రం పక్కన సారె

ఈ రోజు మీతో మట్టిపాత్రల గురించి మాట్లాడాలనుకుంటున్నాను. సముద్రతీరాన్ని చూసి, ఆ తీరాన్ని మనసులో పెట్టుకుని, చేత్తో చేసి, గాజుపూత పూసి, పెద్ద మంటలో కాల్చే పాత్రల గురించి. గిన్నె, కప్పు, పళ్ళెం, జాడీ, కూజా ఏదైనా సరే. మట్టిపని చేసే మనిషిగా నేను నమ్మే ఒక్క మాటను ఈ కాసేపట్లో మీ ముందు పెడతాను. సముద్రం పాత్ర మీద బొమ్మగా వచ్చి ఆగిపోకూడదు. ఆ పాత్ర తయారయ్యే పద్ధతిలోకే రావాలి.

విశాఖపట్నం నుంచి భీమునిపట్నం వెళ్ళే బీచ్ రోడ్డు మీలో చాలామందికి తెలుసు. ఒక పక్క తూర్పు కనుమల కొండలు, ఒక పక్క సముద్రం. ఆ కొండల రాయికి భూగర్భశాస్త్రంలో ఖోండలైట్ అని పేరు. అందులో గార్నెట్ అనే ఎర్రని ఖనిజం ఉంటుంది. వానకు, ఎండకు ఆ రాయి చివికి, గెడ్డల్లో కొట్టుకుపోయి, సముద్రంలో చేరుతుంది. అక్కడ అలలు దాన్ని చెరిగి వేరుచేస్తాయి. తేలిక రేణువులు కదిలిపోతాయి, బరువైనవి మిగిలిపోతాయి. అందుకే అల వెనక్కి వెళ్ళిన చోట ఇసుక మీద నల్లని చారలు, ఊదాఎరుపు చారలు కనిపిస్తాయి. నల్లనిది ఇల్మనైట్, ఊదాఎరుపుది గార్నెట్. ఇంకాస్త ముందుకు పోతే ఎర్రమట్టి దిబ్బలు. దారి పొడవునా సరుగుడు తోటలు, తాటిచెట్లు, పల్లెల ముందు ఆరవేసిన వలలు, ఇసుకలోకి లాగిపెట్టిన పడవలు.

ఇంత సంపద కళ్ళముందు ఉన్నప్పుడు మనం సాధారణంగా ఏం చేస్తాం? తెల్లని కప్పు మీద నీలంరంగు అల గీస్తాం. శంఖం ఆకారంలో పూలకుండీ పోతపోస్తాం. వాటిని ఇష్టపడి కొనేవాళ్ళున్నారు, చేసేవాళ్ళకు అది జీవనం, దాన్ని నేను తప్పుపట్టను. కానీ అలాంటి కప్పు ఎక్కడైనా తయారు కావచ్చు. సముద్రానికి వందల మైళ్ళ దూరంలో ఉన్న ఫ్యాక్టరీలోనూ కావచ్చు. భీమిలి తీరం దానికి అవసరం లేదు. తీరం లేకపోతే పుట్టనే పుట్టని పాత్ర ఒకటి ఉంటుంది. నా మాటలన్నీ దాని గురించే.

ముందు ఎరుపు సంగతి చూద్దాం. ఎర్రమట్టి దిబ్బల ఇసుక రేణువు అసలు క్వార్ట్జ్, అంటే రంగులేని గాజులాంటి ఖనిజం. దాని ఒంటికి పల్చగా ఇనుప ఆక్సైడు పట్టింది. సముద్రమట్టం ఇప్పటికంటే కిందికి ఉన్న రోజుల్లో బయటపడిన ఇసుకను గాలి మోసుకొచ్చి పోగుచేసిందనీ, వేల ఏళ్ళ కాలంలో అందులోని ఇనుము తుప్పెక్కి ఈ రంగు తెచ్చిందనీ శాస్త్రజ్ఞులు చెబుతారు. మన ఊరి కుండ ఎరుపు కూడా ఆ ఇనుముదే. ఆవంలో గాలి బాగా ఆడితే కుండ ఎర్రగా కాలుతుంది. గాలి అందకుండా మూసి, పొగలో మగ్గబెడితే నల్లగా వస్తుంది. ఈ సంగతి మన కుమ్మరులకు ఎన్నో తరాలుగా తెలుసు.

ఇప్పుడు అదే ఇనుమును గాజుపూతలో నూటికి ఒకటి రెండు పాళ్ళు కలిపి, పాత్రకు పూసి, 1250 డిగ్రీల సెల్సియస్ దాటే దాకా బట్టీలో కాల్చామనుకోండి. మధ్యలో బట్టీకి గాలి తగ్గిస్తాం. మంటకు ఆక్సిజన్ కావాలి. బయటి గాలి నుంచి అందకపోతే పూతలో ఉన్న ఇనుప ఆక్సైడు నుంచే లాక్కుంటుంది. ఆక్సిజన్ కోల్పోయిన ఇనుము ఎరుపును వదిలేసి ఆకుపచ్చలోకి, ఒక్కోసారి నీలిఛాయ ఉన్న ఆకుపచ్చలోకి మారుతుంది. ఎండపొద్దున లోతు తక్కువ నీళ్ళలో ఇసుక కనబడుతుండగా సముద్రానికి వచ్చే రంగు అది. చైనాలో సుంగ్ వంశపు రాజుల కాలంలో లాంగ్‌చ్వాన్ కుమ్మరులు ఈ పూతను గొప్ప స్థాయికి తీసుకెళ్ళారు. దీన్నే సెలడాన్ అంటారు. ఇనుమును ఎనిమిది, పది పాళ్ళకు పెంచితే పూత ముదురు గోధుమరంగుకు, నలుపుకు తిరుగుతుంది. అల తడిపిన బండరాయి నలుపు.

దిబ్బ ఎరుపు, నీటి పచ్చ, బండ నలుపు, మూడింటి వెనకా ఉన్నది ఒకే ఇనుము. పాలు మారింది, గాలి మారింది, అంతే. ఈ సంగతి తెలిశాక తీరాన్ని చూసే చూపే మారిపోతుంది. డబ్బాలో నీలంరంగు కొని పూయడం కంటే, ఒకే లోహాన్ని రకరకాల పాళ్ళలో, రకరకాల గాలిలో కాల్చి చూడడం మనల్ని ఆ తీరానికి ఎక్కువ దగ్గర చేస్తుంది. తీరంలో రంగులు ఏ కారణాలతో పుట్టాయో బట్టీలోనూ ఆ కారణాలతోనే పుడుతున్నాయి కదా.

రెండోది బూడిద. మన కోస్తాలో సరుగుడు కట్టెకు కొదవలేదు. గాలికి అడ్డుగా, ఇసుక కదలకుండా నాటిన చెట్టు అది, పొయ్యిలోకీ వస్తుంది. ఆ బూడిదలో సున్నపు అంశం ఎక్కువ, పొటాష్ కొంత ఉంటుంది. ఈ రెండూ ఇసుకనూ మట్టినీ పెద్ద వేడిలో కరిగించి గాజుగా మారుస్తాయి. బూడిదను జల్లించి, నీళ్ళలో నానబెట్టి, పైతేట తీసేసి, ఆరబెట్టి, రెండు పాళ్ళు బూడిద, రెండు పాళ్ళు ఫెల్డ్‌స్పార్ అనే రాతిపొడి, ఒక పాలు మెత్తని తెల్లమట్టి కలిపి పూతగా వాడడం స్టూడియోల్లో చాలా పాత లెక్క. అందరూ అక్కడి నుంచే మొదలుపెట్టి, తమ బూడిదకు తగ్గట్టు మార్చుకుంటారు. బూడిద నీళ్ళు చేతిని కొరుకుతాయి, కాబట్టి రబ్బరు తొడుగులు వేసుకోవాలి. ఈ పూత పాత్ర మీద సమంగా నిలబడదు. సన్నని ధారలుగా జారుతుంది. ఎక్కడ గాడి ఉంటే అక్కడ చేరి చిక్కబడుతుంది, ఎక్కడ అంచు ఉంటే అక్కడ పల్చబడి కిందిమట్టిని చూపిస్తుంది. అల వెనక్కి పోయేటప్పుడు ఇసుక మీద నీరు చేసే పనీ ఇదే. ఆ గీతలు కుంచెతో గీయాల్సిన పని లేదు. పాత్రకు సరైన చోట గాడి పెడితే చాలు, మిగతాది పూతే చూసుకుంటుంది.

మూడోది గుల్ల. కోస్తాలో గుల్లలు కాల్చి సున్నం చేయడం పాత వృత్తి. గుల్ల అంటే దాదాపు మొత్తం కాల్షియం కార్బొనేటే. కట్టెలబట్టీలో కాల్చే కుమ్మరులు దీన్నొక చక్కటి పనికి వాడతారు. గుల్ల దొప్పలో మట్టిముద్ద నింపి, దాని మీద పాత్రను నిలబెడతారు, లేదా పడుకోబెడతారు. బట్టీ వేడికి గుల్ల సున్నంగా మారుతుంది. పాత్రను బయటికి తీసి నీళ్ళు తగిలిస్తే ఆ సున్నం ఉబ్బి, పొడై రాలిపోతుంది. పాత్ర మీద మాత్రం గుల్ల గీతలన్నీ అచ్చు పడి మిగిలిపోతాయి. అంటే గుల్ల అక్కడ కాసేపు పని చేసి, తన గుర్తు వదిలి వెళ్ళిపోయింది.

అదే గుల్లముక్క పొరపాటున పచ్చిమట్టిలో కలిస్తే చేటు చేస్తుంది. కాలినప్పుడు లోపల సున్నమై కూర్చుంటుంది. కొన్ని రోజులకో వారాలకో గాలిలోని తేమ పీల్చుకుని ఉబ్బి, పాత్ర పైపెచ్చును చిట్లగొడుతుంది. తీరం దగ్గరి మట్టి వాడేవాళ్ళు అందుకే మట్టిని నీళ్ళలో కలిపి, సన్నని జల్లెడలో వడగట్టి, తేర్చి వాడాలి. మరో జాగ్రత్త ఇసుకతో. క్వార్ట్జ్ సరిగ్గా 573 డిగ్రీల దగ్గర ఒక్కసారిగా వ్యాకోచిస్తుంది, చల్లారేటప్పుడు అక్కడే తిరిగి ముడుచుకుంటుంది. ఇసుకపాలు ఎక్కువైన మట్టిని ఆ వేడి దగ్గర తొందరపెడితే పగుళ్ళు తప్పవు. మంటను అక్కడ నిదానంగా నడపాలి.

నాలుగోది ఉప్పు. శ్రీకాకుళం జిల్లా నౌపడ ఉప్పుమళ్ళు మీకు తెలుసు. ఉప్పు లేని తీరం లేదు. జర్మనీలో రైన్ నది పరిసరాల కుమ్మరులు మధ్యయుగాల చివర్లో ఉప్పుతోనే పూత వేయడం వృద్ధిచేశారు. బట్టీ బాగా వేడెక్కాక అందులోకి ఉప్పు విసురుతారు. ఉప్పు ఆవిరై, అందులోని సోడియం మట్టిలోని సిలికాతో, అల్యూమినాతో కలిసి పాత్ర ఒంటి మీదే గాజుగా మారుతుంది. నారింజతొక్క మీద ఉన్నట్టు సన్నని గుంతలు పడతాయి. పాతకాలపు మురుగుకాలువ పైపులకు ఇదే పూత. అయితే ఈ పద్ధతిలో హైడ్రోజన్ క్లోరైడ్ అనే ఘాటైన వాయువు వెలువడుతుంది. అందుకే ఇప్పుడు చాలామంది ఉప్పుకు బదులు సోడా వాడుతున్నారు. ఇళ్ళ మధ్య ఎవరూ ఉప్పుబట్టీ వెలిగించకూడదు. ఇనుములో, బూడిదలో ఉన్న సౌలభ్యం ఇందులో లేదు. తెలిసినవాళ్ళ దగ్గర, ఖాళీ స్థలంలో మాత్రమే చేయదగ్గ పని.

ఉప్పు మాట వచ్చింది కాబట్టి జాడీని తలుచుకోవాలి. పైన గోధుమరంగు, కింద మీగడరంగు ఉండే ఆవకాయ జాడీ ఒకప్పుడు మన ప్రతి ఇంట్లోనూ ఉండేది. పెద్ద వేడిలో బిగుతుగా కాలిన ఆ మట్టిని ఉప్పూ పులుపూ ఏమీ చేయలేవు. ఇలాంటి మట్టిపాత్రనే స్టోన్‌వేర్ అంటారు. తెలుగువాళ్ళకు అది కొత్త వస్తువు కాదని చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

ఇక్కడ ఒక ముఖ్యమైన విషయం చెప్పాలి. తీరం నుంచి నేర్చుకోవడం వేరు, తీరాన్ని తవ్వి తెచ్చుకోవడం వేరు. ఎర్రమట్టి దిబ్బలు జాతీయ భూవారసత్వ స్థలం. అక్కడి మట్టి గుప్పెడైనా మనది కాదు. బీచ్ ఇసుకలోని నల్లని ఖనిజాల్లో మోనజైట్ కూడా ఉంటుంది. అది థోరియం ఉన్న ఖనిజం కాబట్టి ఆ ఇసుక మీద ప్రభుత్వ నియంత్రణ ఉంది. మరి పాత్ర మీద ఆ నల్లచుక్కలు కావాలంటే ఏం చేయాలి? కమ్మరి దాగలి కింద రాలే ఇనుప పొలుసును దంచి, జల్లించి, మట్టిలో కొద్దిగా కలపండి. కాలాక చుక్కలు చుక్కలుగా తేలుతుంది. గుల్లలు కావాలంటే బతికున్న జీవిని ముట్టుకోనక్కర్లేదు. వంటయ్యాక పారేసిన గుల్లలు పల్లెల్లో దొరుకుతాయి. బూడిదకు హోటల్ పొయ్యి ఉంది. మట్టికి ఊరి కుమ్మరి ఉన్నాడు. తీరాన్ని తగ్గించకుండా తీరాన్ని పాత్రలోకి తేవచ్చు.

ఇంత సామగ్రి గురించి చెప్పాను. ఆకారం మాటేమిటి? సారె మీద చేసేవాళ్ళకు తీరం నేర్పే పాఠం తొందరపడకపోవడం. అల అరగదీసిన గులకరాయిని చేతిలో పట్టుకుని చూడండి. దానికి ఎక్కడా అనవసరమైన మూల ఉండదు. గిన్నె లోపలి వంపు అలా ఒకే ఊపులో రావాలి. గరిటె తగిలినా, వేలు తగిలినా ఎక్కడా ఆగకూడదు. ఒంటి మీద గుర్తుల కోసం పాత వలముక్కను పచ్చికుండ సగం ఆరినప్పుడు చుట్టి, పైన పల్చని తెల్లమట్టి పూసి తీసేయవచ్చు. కొబ్బరితాడు చుట్టిన చెక్కతో తట్టవచ్చు. లోపల రాయి ఆనించి, బయట చెక్కతో తట్టి కుండను పెంచడం మన కుమ్మరుల అసలు విద్య కాబట్టి, ఆ చెక్కకు తాడు చుట్టడం మనకు సహజంగా వచ్చే ఆలోచన. సముద్రం దగ్గర మట్టి ఆరబెట్టడం కూడా ఒక విద్యే. గాలిలో తేమ ఎక్కువైతే రోజులు గడిచినా ఆరదు. గాలి ఒక పక్క నుంచే కొడితే ఆ పక్క ముందు ఆరి, పాత్ర వంకర తిరుగుతుంది. గాలి ఎటు వీస్తుందో చూసి, గుడ్డ కప్పి, తిప్పి పెట్టాలి. వేటకెళ్ళే జాలరి లాగే కుమ్మరికీ గాలి దిక్కు తెలియాలి.

ఈ మార్గంలో మనకంటే ముందు నడిచినవారు ఉన్నారు. ఇంగ్లండు నైరుతి కొసన కార్న్‌వాల్‌లో సెయింట్ ఐవ్స్ అనే చేపలరేవు ఉంది. 1920లో బెర్నార్డ్ లీచ్ అనే ఆంగ్లేయుడు, షోజీ హమాదా అనే జపాన్ యువకుడు అక్కడ ఒక కుమ్మరిశాల పెట్టారు. జపాన్ పద్ధతిలో వాలుమీద మెట్లుమెట్లుగా ఎక్కే బట్టీ కట్టారు. గాలి విసురుకు చెట్లు పెద్దగా పెరగని ప్రాంతం కాబట్టి కట్టెకే కటకట. అయినా ఆ చోటునే నమ్ముకున్నారు. గ్రానైటు చివికి తెల్లని చీనామట్టిగా మారిన నేల కార్న్‌వాల్‌ది. విలియం కుక్‌వర్దీ అనే ఆయన 18వ శతాబ్దంలో ఆ మట్టిని గుర్తించాకే ఇంగ్లండులో అసలైన పింగాణీకి దారి పడింది. హమాదా 1923లో జపాన్ తిరిగి వెళ్ళి మషికో అనే ఊళ్ళో స్థిరపడి, ఆ ఊరి మట్టి, ఆ ఊరి పూతలతోనే జీవితమంతా పనిచేశాడు. 1955లో జపాన్ ఆయనను జీవించివున్న జాతీయ సంపదగా గౌరవించింది. లీచ్ 1940లో రాసిన కుమ్మరి పుస్తకం ప్రపంచమంతటా స్టూడియో కుమ్మరులకు పాఠ్యగ్రంథమైంది. సముద్రతీరపు చిన్న ఊళ్ళో మొదలైన పని అంత దూరం వెళ్ళింది.

దాని పాయ ఒకటి మన దేశానికీ వచ్చింది. సర్దార్ గురుచరణ్ సింగ్ 1919లో జపాన్ వెళ్ళి పింగాణీ పని నేర్చుకుంటూ లీచ్‌తో, హమాదాతో పరిచయం పెంచుకున్నారు. తిరిగివచ్చి ఢిల్లీలో నీలిపూత పాత్రలతో భారతీయ స్టూడియో కుమ్మరానికి పునాది వేశారు. ఇక మన తూర్పుతీరంలోనే పుదుచ్చేరిలో 1971లో డెబోరా స్మిత్, రే మీకర్ గోల్డెన్ బ్రిడ్జ్ పాటరీ స్థాపించారు. కోస్తాలో దొరికే సరుగుడు కట్టెతో పెద్ద వేడి తెచ్చి స్టోన్‌వేర్ కాల్చారు. అక్కడ నేర్చుకున్న విద్యార్థులు తరవాత ఎన్నోచోట్ల సొంత బట్టీలు పెట్టుకున్నారు. పుదుచ్చేరి దగ్గర పాత్రల చరిత్ర ఎంత పాతదంటే, ఊరికి కాస్త దూరంలోని అరికమేడులో 1945లో మార్టిమర్ వీలర్ జరిపిన తవ్వకాల్లో రోమన్ మట్టిజాడీల ముక్కలు బయటపడ్డాయి. లోపల అడుగున సన్ననిచుక్కల వలయాలున్న నునుపైన పళ్ళేలూ దొరికాయి. అలాంటి వలయాల పళ్ళేల ముక్కలు మన వంశధార ఒడ్డున శాలిహుండంలోనూ దొరికాయి. బెంగాల్ నుంచి శ్రీలంక దాకా తీరం వెంబడి ఓడల్లో తిరిగిన పాత్ర అది. తోట్లకొండ మీద సముద్రాన్ని చూస్తూ బతికిన బౌద్ధ భిక్షువుల విహారాలకు కప్పిన పెంకులూ ఈ నేల మట్టితో కాల్చినవే. కాబట్టి తీరానికీ కుమ్మరానికీ ఉన్న సంబంధం మనం కొత్తగా కల్పిస్తున్నది కాదు. ఉన్నదాన్ని మళ్ళీ పట్టుకుంటున్నాం.

అయితే ఒక లోటు ఉంది. స్టూడియోలో చేసేవాళ్ళు ఒక పక్క, ఊరి కుమ్మరులు మరో పక్క ఉండిపోయారు. చేపల పులుసు దాక చేసే కుమ్మరికి ఆ ప్రాంతపు మట్టి ఎంత బంక, ఎంత ఇసుక, ఎంత తొక్కాలి, ఎప్పుడు కాల్చాలి అన్నది చేతిలోనే ఉంటుంది. స్టూడియో వాళ్ళకు పూతల రసాయనం, పెద్ద వేడి, కొత్త కొనుగోలుదారు తెలుసు. ఈ ఇద్దరూ ఒక చోట కూర్చుంటే తప్ప మన తీరపు పాత్ర పుట్టదు. మట్టి గురించి అడగాల్సింది స్టూడియో వాళ్ళు. డబ్బిచ్చి, గురువని గౌరవించి అడగాలి. నెల్లూరు వైపు గూడూరులో పింగాణీ సాంకేతికవిద్య నేర్పే ప్రభుత్వ సంస్థ ఉంది. ఏలూరు వైపు ద్వారకాతిరుమల పరిసరాల్లో పింగాణీకి పనికొచ్చే మెత్తని తెల్లమట్టి ఉంది. విద్య, మట్టి, కట్టె, చేయి, అన్నీ మన దగ్గరే ఉన్నాయి.

నేర్చుకోవాలనుకునే యువతకు నా సలహా ఒకటే. మొదట పాత్రలు అమ్మాలని చూడకండి. వేలెడంత మట్టిబిళ్ళలు చేయండి. ఒక్కోదాని మీద ఒక్కో పాలు పూత పూయండి. వెనక అంకె వేయండి, పుస్తకంలో రాయండి. మీ ఊరి బూడిద ఎలా కరుగుతుందో, మీ మట్టి ఎంత ముడుచుకుంటుందో ఆ బిళ్ళలే చెబుతాయి. పచ్చిమట్టి కాలేసరికి స్టోన్‌వేర్ సాధారణంగా నూటికి పది, పన్నెండు పాళ్ళు ముడుచుకుంటుంది. ఆ లెక్క ముందే తెలియకపోతే మూత జాడీకి సరిపోదు. కొనేవారికీ ఒక మాట. చేతిపాత్ర కొనేటప్పుడు మూడు ప్రశ్నలు అడగండి. ఏ మట్టి? ఏ పూత? ఎంత వేడిలో కాల్చారు? తినే పాత్ర అయితే పూతలో సీసం లేదని తప్పకుండా అడిగి తెలుసుకోండి. సీసపు పూత నుంచి చింతపండు, నిమ్మ లాంటి పులుపు విషాన్ని బయటికి లాగుతుంది. మీరు అడిగే కొద్దీ చేసేవాళ్ళు జాగ్రత్తగా చేస్తారు.

మన ఆంధ్ర తీరం ఇంచుమించు వెయ్యి కిలోమీటర్లు. అదంతా ఒకే రకం తీరం కాదు. శ్రీకాకుళం, విశాఖల ఎరుపు వేరు. గోదావరి, కృష్ణల ముఖద్వారాల దగ్గర నదులు తెచ్చిపోసిన ఒండ్రుమట్టి నలుపు వేరు. పులికాట్ సరస్సు పక్క ఉప్పుగాలి, నెల్లూరు అభ్రకం మెరుపు వేరు. భీమిలిలో చేసిన గిన్నె, కోనసీమలో చేసిన గిన్నె, సూళ్ళూరుపేటలో చేసిన గిన్నె పక్కపక్కన పెడితే, పేరు చదవకుండానే ఏది ఏ ఊరిదో చెప్పగలిగే స్థితి రావాలి. అది సాధ్యమే. మషికో ఊరు సాధించింది, సెయింట్ ఐవ్స్ సాధించింది. మన కుమ్మరుల చేతిలో అంతకంటే పాత విద్య ఉంది. దానికి ఒక బట్టీ, కొంత ఓపిక, మన తీరం మీద మనకు ప్రేమ తోడైతే చాలు. ఈ పని మొదలుపెట్టేవాళ్ళు ఈ ప్రసంగం వింటున్నవారిలోనే ఉండాలని కోరుకుంటూ సెలవు తీసుకుంటున్నాను.